మావ జాతకంలో బుధుణ్ణి జరిపిన సంగతి

ఇది నవగ్రహాలూ, మూడు తరాలూ, ఒక తప్పిపోయిన పెళ్లీ, ఒక వృద్ధుడి మౌనమూ కలిసిన మహాగాథ. ఆకాశంలో ఒక గ్రహం దారి తప్పితే భూమ్మీద ఒక వంశం ఎలా తలకిందులైందో ఇందులో వివరించబోతున్నాను. అని మొదలుపెడదామనుకున్నాను గానీ, కూర్చుని ఆలోచిస్తే ఆకాశంలో ఏ గ్రహమూ దారి తప్పలేదు. వంశం కూడా నిలువుగానే ఉంది. మొన్న చూసొచ్చాను, అందరూ కాస్త ఒళ్లు చేశారు. జరిగిందల్లా, పన్నెండేళ్ల వయసులో నేను ఒక ఠావు కాగితం మీద ఒక గడిలో రాయాల్సిన గ్రహాన్ని ఇంకో గడిలో రాశాను. దానికి మహాగాథ ఎక్కువ. పోనీ ఊరుకుందామంటే, పద్దెనిమిదేళ్లుగా అది నన్ను ఊరుకోనివ్వడం లేదు.

నాకు కూతురు పుట్టిన మూడో నెలలో, ఇంట్లో అందరూ జాతకం, జాతకం అంటుంటే ఫోన్లోకి జాతకాలు వేసే యాప్ ఒకటి దించుకున్నాను. పిల్ల వివరాలు కొట్టడానికి చెయ్యి రాలేదు. మావ వివరాలు కొట్టాను. మావ అంటే మా అమ్మకు తమ్ముడు. ఆయన పుట్టిన రోజూ గంటా నిమిషమూ నాకు పదమూడో ఎక్కం కంటే బాగా గుర్తు. మూడు సెకన్లు పట్టింది. పన్నెండు గళ్ల చక్రం వచ్చింది. మీనంలో సూర్యుడు, ఆయనతో పాటు అదే గడిలో బుధుడు, ఎక్కడ ఉండాలో అక్కడే, ఏ పాపమూ ఎరగనట్టు కూర్చుని ఉన్నాడు. కింద ‘మీ మిత్రులతో పంచుకోండి’ అని ఉంది. పంచుకోవాల్సిన మనుషులు ఇద్దరే ఉన్నారు. ఇద్దరికీ పద్దెనిమిదేళ్ల కిందటే చెప్పి ఉండాల్సింది.

అప్పట్లో నేను చీపురుపల్లి దగ్గర పల్లెలో, తాతగారింట్లో ఉండి చదువుకునేవాణ్ణి. మా నాన్నది ఏడాదికో ఊరు తిప్పే ఉద్యోగం. ఏడాదికో బడి మారిస్తే నాకు చదువు రాదని మా అమ్మ భయం. ఒకే బడిలో ఉంచినా పెద్దగా వచ్చింది లేదు, అది వేరే విషయం. ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది అమ్మమ్మ చుట్ట. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, ఆ నోటితోనే కోళ్లను తిట్టేది. ఒక్క అక్షరం పొల్లుపోయేది కాదు. తరువాత పొయ్యి మీద చోడి అంబలి, అంటే రాగి జావ, ఉడికే వాసన, దాని వెనకాల తాత తలకు రాసుకునే ఆముదం వాసన. ఈ మూడూ కలిస్తే తెల్లవారినట్టు. ఇప్పుడు నాకు తెల్లవారిందని ఫోను చెబుతుంది. దానికి ఏ వాసనా లేదు.

తాత రైతు. వరి కోసిన మళ్లలో పెసలు చల్లేవాడు. జాతకాలు రాయడం ఆయనకు వృత్తి కాదు. కుర్రతనంలో ఎవరి దగ్గరో నేర్చుకున్నాడు, వదిలిపెట్టలేకపోయాడు. చుట్టుపక్కల పది ఊళ్లలో పిల్ల పుట్టినా, పెళ్లి కుదిరినా మా అరుగు మీదకి వచ్చేవాళ్లు. ఆయన ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. పుచ్చుకుంటే వాళ్లు వినాలనుకున్నదే చెప్పాల్సి వస్తుందనేవాడు. తాత రాసిన చక్రం చూసి ఇంకొకరు మళ్లీ లెక్క కట్టడం ఆ పది ఊళ్లలో లేదు. ఆ నమ్మకం తప్ప ఆయన గొప్పగా చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. గేదె ఉండేది గానీ అది పాలిచ్చేది కాదు.

గ్రహాల చదువు నాకు చేటలో పెసలు ఏరుతూ జరిగింది.

“ఇవి ఎవుడి గింజలురా?” అని అడిగాడు ఒకరోజు.

“మనవే.”

“కాదు, బుధుడివి. గోధుమలు సూర్యుడివి, సెనగలు గురువుగారివి, పెసలు బుధుడివి. పచ్చటిదంతా ఆడిదే.”

“మరి మనం తినేస్తన్నాం కదా.”

“అందుకే నీకు నోరు ఎక్కువ,” అన్నాడు తాత, రాయి ఏరి పారేస్తూ. “ఇను. గ్రహాల్లో సూర్యుడు రాజు. బుధుడు కుర్రోడు, యువరాజు. మాట ఆడిది, లెక్క ఆడిది, యేపారం ఆడిది, ఎకసెక్కెం కూడా ఆడిదే. సొంత గుణం మాత్రం నేదు. మంచోళ్ల పక్కన కూకుంటే మంచోడు, ఎదవల పక్కన కూకుంటే ఎదవ.”

“ఎవుడి పక్కనా కూకోకపోతే?”

“నీలాగుంటాడు.”

ఒక్కో గ్రహానికి తలెత్తుకు తిరిగే ఇల్లు ఒకటి, తల దించుకునే ఇల్లు ఒకటి ఉంటాయని, బుధుడికి కన్య ఉచ్చ అని, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న మీనం నీచ అని చెప్పాడు. మేనమామ సంగతి తెలుసుకోవాలన్నా బుధుణ్ణే అడగాలన్నాడు. మావకు నత్తి. మీనంలో, అదీ సూర్యుడికి మరీ దగ్గరగా పడి మాడిపోయిన బుధుడే దానికి కారణమని తాత నమ్మకం. “మరి మావకి బుధుడు కన్యలో ఉండుంటే?” అని అడిగాను. “ఎమ్మెల్యే అయిపోయేవోడు. మంచిదే అయినాది,” అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. బుధుడు సూర్యుడి చెయ్యి వదలడని, సూర్యుడున్న ఇల్లు, లేకపోతే ముందిల్లు, లేకపోతే వెనకిల్లు, అంతకు మించి ఎవరి జాతకంలోనూ దూరం పోడని. ఆ మాట చెప్పిన రోజు నేను పాత పంచాంగం అట్ట మీది సూర్యుడికి మీసాలు దిద్దుతున్నాను. మీసాలు బాగా కుదిరాయి. చదువే కుదరలేదు.

ఆ ఏడాదే తాత నన్ను రాయసగాణ్ణి చేశాడు. నీ చేతిరాత ముత్యాల్లా ఉందిరా అన్నాడు. నా చేతిరాత కోడి కాలితో గీకినట్టుండేది. అసలు సంగతి నాకు వారంలోనే తెలిసిపోయింది. పంచాంగంలో సన్న అక్షరాలు వచ్చినప్పుడల్లా నన్ను చదవమనేవాడు. నేను చదివితే ఆయన లెక్క కట్టేవాడు, చెప్తే నేను గళ్లలో రాసేవాణ్ణి. తరువాత కాగితం తీసుకుని, ముక్కుకు జానెడు దూరంలో పెట్టుకుని, పైనుంచి కిందికి ఒకసారి తల ఆడించి, అడుగున సంతకం చేసేవాడు. ఆ చూడటంలో చూపు లేదు. రెండు కళ్లలోనూ శుక్లం కమ్మింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెబితే ఆసుపత్రికి లాక్కెళతారని భయం. నాకూ చెప్పలేదు. కానీ నాకు తెలుసని ఆయనకు తెలుసు. పన్నెండేళ్లవాడికి ఒక పెద్దమనిషి రహస్యం దొరకడం కంటే గొప్ప హోదా ఇంకోటి లేదు. అందులోనే ఉంది చిక్కంతా.

మావ చీపురుపల్లిలో మోటార్లకు వైండింగు చేసే కొట్లో పని చేసేవాడు. పొలాల్లో కాలిపోయిన మోటార్లన్నీ ఆయన దగ్గరికి వచ్చి, రాగి తీగ మార్పించుకుని వెళ్లేవి. ఆయన మాట మొదలుపెడితే, దాన్ని ఇంట్లో ఎవరో ఒకరు పూర్తి చేసేవాళ్లు. ‘న... న...’ అంటే అమ్మమ్మ నీళ్లు తెచ్చేసేది, ఆయన నవ్వొస్తోందని చెప్పబోతున్నా సరే. నేనయితే ఆయన చెప్పబోయేదానికి మూడు రకాల ముగింపులు ఇచ్చి, ఒకటి ఎంచుకోమనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు, ఆయన కూడా.

బొబ్బిలి దగ్గర ఒక సంబంధం వచ్చింది. పిల్లని చూడ్డానికి వెళ్లినప్పుడు నేనూ ఉన్నాను, పళ్లెంలో జీడిపప్పు ఎక్కువ ఉందని విని. ఆ అమ్మాయి మావని, కాలిపోయిన మోటారులో తీగంతా తీసేయాల్సిందేనా, కాలిన ముక్క ఒక్కటే మార్చకూడదా అని అడిగింది. మావ చెప్పడం మొదలుపెట్టాడు. మామూలు మనిషికి అరనిమిషం పట్టే సమాధానం. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు గానీ, పళ్లెం ఖాళీ అయిపోయింది. ఆ అమ్మాయి ఒక్క మాట కూడా అందించలేదు. ఆగిన చోట ఆగింది, కదిలిన చోట కదిలింది, చివర్లో “అయితే మొత్తం తియ్యాల్సిందేనన్నమాట,” అంది. తిరుగు ప్రయాణంలో బస్సంతా మావ మాట్లాడుతూనే ఉన్నాడు. కండక్టరుతో కూడా మాట్లాడాడు.

తరువాత వాళ్లు జాతకం అడిగారు. తాత ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. సూర్యుడు మీనం, రాశాను. బుధుడు మీనం, అన్నాడు. నా కలం ఆగింది. ఆగి, కిందికి జరిగి, కన్య గడిలో ‘బు’ అని రాసింది. ఇక్కడ నేను సాధారణంగా ఒక అబద్ధం చెప్పుకుంటాను. మావ మీద ప్రేమతో రాశానని, ఆ ఒక్క గ్రహం తలెత్తుకుంటే మావ మాట బాగుపడుతుందని, ఆ అమ్మాయి ఇంట్లోవాళ్లు పేరు పెట్టరని అనుకున్నానని. అది సగం నిజం. నా పెళ్లిలో మా ఆవిడకు కూడా ఆ సగమే చెప్పాను, కళ్లనీళ్లు పెట్టుకుంది. మిగతా సగం ఏమిటంటే, తాత పట్టుకుంటాడా లేదా చూద్దామని. కాగితం ఆయన చేతిలో పెట్టాను. జానెడు దూరం, పైనుంచి కిందికి తల ఊపు, సంతకం. పట్టుకోలేదు. నాకు లోపల నవ్వొచ్చింది. ఆ నవ్వు గుర్తున్నంతగా నాకు ఆ ఏడాది ఇంకేమీ గుర్తులేదు.

వారం తరువాత బొబ్బిలి రమ్మన్నారు. తాత, మావ, నేను వెళ్లాం. పిల్ల పెదనాన్నకు కూడా జాతకాలు చూడటం వచ్చునట. ఆయన మా కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని, మర్యాదగానే అడిగాడు.

“బావగారూ, మీవోడు ఏ నెల్లో పుట్టినాడు?”

“ఫాల్గుణం ఆఖర్ని,” అన్నాడు తాత.

“అయితే సూర్యుడు మీనంలో. బాగుంది. మరి బుధుడో?”

“మీనంలోనే.” తాత కాగితం చూడకుండానే చెప్పాడు. ఆయనకు చూడాల్సిన అవసరమే లేదు.

“కాగితంలో కన్యలో ఉన్నాడు.”

తాత చెయ్యి చాచి కాగితం తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. అక్కడ కూర్చున్న వాళ్లందరికీ ఒకేసారి అర్థమైంది, ఈయనకు కనబడటం లేదని. ఇన్నాళ్లూ దాచుకున్నది పది మంది ముందు, పరాయి ఇంట్లో బయటపడింది. తాత తల తిప్పి నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. నేను నా కాలి బొటనవేలిని చూసుకున్నాను.

“గుంటడు రాసినాడు,” అన్నాడు తాత. “ఆడిది పొరపాటు కాదు. సూసుకోవలసినోణ్ణి నాను. సంతకం నాది.”

“సూర్యుడు ఈ గోడ దగ్గర, బుధుడు ఆ గోడ దగ్గర. ఇలాగ ఎక్కడైనా ఉంటాదా బావగారూ?” అన్నాడు పెదనాన్న. గొంతు పెంచలేదు. “మీనంలో ఉంటే మాకేటి? గురువు కేంద్రంలో ఉన్నాడు. ఆ నీచం ఎప్పుడో రద్దయిపోనాది. నిజం రాసి ఉంటే మేమే ముహూర్తం పెట్టించీవోళ్లం. నోటితో ఒకటీ, కాగితంలో ఒకటీ అయితే, పిల్లనెలాగ ఇస్తాం?”

మావ ఏదో అనబోయాడు. ‘మా... మా...’ అన్నాడు. ఎవరూ పూర్తి చేయలేదు, నేను కూడా. లోపలి గది గుమ్మంలో ఆ అమ్మాయి చీర అంచు కాసేపు కనబడి, తరువాత కనబడలేదు. కబురు చేస్తామన్నారు. చేశారు కూడా. వద్దన్నారు.

ఇంటికొచ్చిన రాత్రి నాకు జ్వరం వచ్చింది, తాత ఉదయం దాకా తడిగుడ్డ మార్చాడు అని రాయగలిగితే బాగుండేది. జ్వరం రాలేదు. అంబలి తాగి పడుకున్నాను, నిద్ర పట్టింది కూడా. తెల్లారి లేచేసరికి తాత పంచాంగాలన్నీ గోనె సంచిలో కట్టి అటక ఎక్కించేశాడు. ఆ తరువాత ఎవరొచ్చినా ఒకటే మాట: “నాకు కళ్లు పోయినాయి నాయినా, ఇంకెవుడైనా సూసుకోండి.” ఊళ్లోవాళ్లు కొన్నాళ్లు వచ్చారు, తరువాత రావడం మానేశారు. అరుగు ఖాళీ అయింది. బొబ్బిలి వాళ్ల ఇంటికి ఆయన ఇంకోసారి ఒక్కడే వెళ్లి, తప్పు నా కళ్లది, పిల్లోడి మీద అనుమానం పెట్టుకోకండి అని చెప్పి వచ్చాడట. అది అమ్మమ్మ చెప్పింది, కోళ్లను తిట్టే గొంతుతోనే.

మూడేళ్ల తరువాత మావకు పెళ్లయింది. అత్త మంచి మనిషి, ఇద్దరి మాటలూ తనే మాట్లాడేస్తుంది. మావకు చీపురుపల్లిలో సొంత కొట్టు వచ్చింది, ఇద్దరు పిల్లలు, ఒక మోటారు సైకిలు. కాబట్టి పోయిందేమీ లేదని నాకు నేను చాలాసార్లు తీర్పు చెప్పుకున్నాను. కానీ భోజనాల దగ్గర మావ ‘ప...’ అనగానే అత్త పప్పు వడ్డించేటప్పుడు, నేను కంచంలోకి చూస్తాను. అమ్మమ్మ పోయాక తాత అదే ఇంట్లో మావతో ఉంటున్నాడు. ఉచిత శిబిరంలో రెండు కళ్లకూ ఆపరేషను చేయించారు. ఇప్పుడు పేపర్లో చిట్టచివరి వరస కూడా చదువుతాడు. అయినా అటక మీది సంచి దించలేదు. అత్త అడిగితే, “సూపు వచ్చినాది గానీ, నమ్మకం రానేదమ్మా,” అన్నాడట. ఈ రోజుల్లో జాతకాలకు మనిషి అక్కర్లేదు. యాపు తప్పు రాయదు. బుధుణ్ణి కన్యలో పెట్టమని బతిమాలినా పెట్టదు. కానీ అది అడుగున సంతకం చేయదు, తప్పయితే నాది అని పరాయి ఇంట్లో నిలబడదు.

పోయిన ఆదివారం పిల్లని తీసుకుని వెళ్లాం. పొద్దున పది గంటలకు తాత వరండాలో మంచం మీద, పిల్ల ఆయన ఒళ్లో. మా ఆవిడా అత్తా లోపల ఉన్నారు, మావ కొట్టుకి వెళ్లాడు. ముందుగా అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

“తాతా, ఆ బొబ్బిలి కాగితం ఉంది కదా.”

“ఏ కాగితం?”

“మావది. అది పొరపాటు కాదు. తెలిసే రాసినాను. నువ్వు మీనం అన్నావు, నాకు ఇనబడింది. కన్యలో ఎట్టినాను.”

తాత పిల్ల చేతిని తన వేలి మీద నుంచి విడిపించుకుని, మళ్లీ పట్టించాడు.

“ఎందుకు?”

“మావకి మాట బాగా వస్తాదని.”

“అంతేనా?”

ఎనభై దాటిన మనిషి, కళ్లజోడు లేకుండా, సూటిగా చూస్తున్నాడు. ఆ చూపు నేను ఎరుగుదును. కిటికీ దగ్గర ఒక్క క్షణం చూసిన చూపే, ఈసారి మాత్రం కనబడుతున్న కళ్లతో.

“నువ్వు పట్టుకుంటావో నేదో సూద్దామని కూడా.”

“నాకు కనపడదని నీకు తెలుసు.”

“తెలుసు.”

“నీ ఒక్కడికే తెలుసు.”

వీధిలో ఐస్‌క్రీం బండి వెళ్లింది. నేను జోకు ఒకటి వేద్దామనుకున్నాను, వెయ్యలేదు. బతుకులో నేను వెయ్యకుండా ఊరుకున్న జోకు అదొక్కటే.

“సూర్యుణ్ణి కూడా జరిపీసి ఉంటే ఎవుడికీ దొరికీవోడివి కాదు,” అన్నాడు చివరికి. “అప్పుడు నెల మారిపోతాది గానీ. సెప్పిన పాఠం ఇనవు, ఎదవ.” నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. “మీ మావకి సెప్పినావా?”

“ఇంకా నేదు.”

“సెప్పాల. నాకు సెప్పీసినావు కదా అని ఊరుకోకు. నాకు పోయినాది పేరు. ఆడికి పోయినాది వేరు.”

తరువాత పిల్లని నాకు అందించి, మంచం మీద నుంచి నెమ్మదిగా లేచి, లోపలికి కేకేశాడు. “అమ్మా, అటక మీద గోనె సంచి దింపించు. నువ్వెక్కకు, ఈ ఎదవకి సెప్పు, ఆడే ఎక్కుతాడు.” ఎక్కాను. దుమ్ములో తుమ్ముతూ సంచి దించాను. పాత పంచాంగాలు ఇప్పుడు పనికిరావు, ఈ ఏడాదిది అత్త పక్కింటి నుంచి తెచ్చింది. తాత స్కేలు పెట్టి తనే గీతలు గీశాడు. ఒక్క గీతా వంకర పోలేదు. పన్నెండు గళ్లు. కలం నాకు ఇవ్వలేదు.

“పిల్ల పుట్టిన టైము సెప్పు. నిమిషాల్తో సెప్పు. లగ్నం రెండు గంటలకోసారి మారిపోతాది.”

మా ఆవిడ పన్నెండున్నర అంది. కాదు, ఒంటిగంట దాటింది అన్నాను. ఆ సమయంలో తను గడియారం చూసే స్థితిలో లేదు, నేను కింద ఆటో పార్కింగు గొడవలో ఉన్నాను. ఫోన్లో జనన ధ్రువీకరణ పత్రం ఫోటో ఉంటే తీసి, పెద్దది చేసి చూశాం. పేరు, తేదీ, ఊరు, తల్లి, తండ్రి, రిజిస్ట్రేషను నంబరు ఉన్నాయి. పుట్టిన సమయం ఆ పత్రంలో వేయరు. అది ఆసుపత్రివాళ్ల డిశ్చార్జి కాగితంలో ఉంటుంది, ఆ కాగితం మా ఇంట్లో ఉండిపోయింది. తాత కలం మూత పెట్టి, “తెలీకుండా రాయను, ఆ కాగితం అట్టుకురా, ఈలోగా మీ మావ కొట్టు కాడికి ఎల్లు,” అన్నాడు.